ముప్పై ఏడో సాంపిల్

డే అండ్ నైట్ జంక్షన్ వెనక సందులో
మా ల్యాబు బోర్డు సగమే వెలుగుతుంది.
పొద్దున్నే ఇంక్యుబేటర్ తలుపు తీస్తే
వెచ్చటి వాసన ఒకటి మొహానికి తగులుతుంది.
పదకొండేళ్ళుగా నాకదే సుప్రభాతం.

ముప్పై ఏడో నంబరు డబ్బా
ఆమదాలవలస నుంచి ఆటోలో వచ్చింది.
ఎనిమిది నెలల పిల్ల, మోక్షిత.
మూడు రోజులుగా జ్వరం, విరేచనంలో నెత్తుటి జీర.
పేరు రాసిన చెయ్యి వణికినట్టుంది,
'క్ష' దగ్గర పెన్ను కాగితాన్ని చించేసింది.

రెండో రోజు వెలుతురులో చూశాను.
ఎర్రటి జెల్లీ పళ్ళెం నిండా
నడుమ నలుపు దిగిన చుక్కలు,
ఎవరో గురివింద గింజలు ఆరబోసినట్టు.
అందంగానే ఉంటుంది.
అనకూడదు గానీ, అందంగానే ఉంటుంది.

డాక్టరుగారు అడగాల్సినవన్నీ అడిగారు.
గుడ్డేమైనా పెట్టారా, డబ్బా పాలా, నూతి నీళ్ళా.
తల్లి హైమ అన్నిటికీ తల అడ్డంగా ఊపింది.
చనుబాలు, కాచి చల్లార్చిన నీళ్ళు, ఇంత ఉగ్గు. అంతే.
రిపోర్టు చేతికిస్తూ నేనే అడిగాను,
నా పని కాకపోయినా:
"ఇంట్లో ఏవైనా పెంచుతున్నారా?"

"కుక్క నేదు, పిల్లి నేదు" అంది నాయనమ్మ గవరమ్మ.
"మా కూర్మనాథుడొక్కడే ఉన్నాడు తల్లీ, తొట్టిలో."

పిల్ల అన్న లోహిత్ పుట్టినరోజుకి
విశాఖ అక్వేరియం కొట్లో కొన్నారట.
అరచేతిలో పట్టే తాబేలు, కంటి వెనక ఎర్రటి గీత.
వాడు దాన్ని టప్పు అంటాడు.
ఎక్కాల పుస్తకం మీద నడిపిస్తాడు,
ముక్కుకి ముక్కు ఆనిస్తాడు.
ఆవిడకి మాత్రం అది
శ్రీకూర్మంలో తీర్చకుండా ఒగ్గేసిన మొక్కు,
బాకీ వసూలుకి తనే నడిచొచ్చిన దేవుడు.
శనివారం శనివారం ఆ తొట్టి నీళ్ళు
ఉద్ధరిణెతో తీసి, కళ్ళకద్దుకుని,
పసిదాని నాలిక మీద ఒక చుక్క.
"ఒక్కటేనమ్మా. ఒక్క చుక్కే."

ల్యాబులో ఫ్యాను చప్పుడు అప్పుడు వినిపించింది.
హైమ అత్తగారి వైపు చూడలేదు.
గోడ మీది క్యాలెండర్లో
శనివారాలు లెక్కపెడుతోంది.

నేను చెప్పాను, తాబేలుకి జబ్బేమీ లేదని.
ఆ పురుగు దాని పేగుల్లో కాపురముంటుంది,
అద్దె లేదు, తగువు లేదు,
ఇంటివాడికి అద్దెకున్నవాడి సంగతే తెలీదు.
గడప దాటి మన పసిదాని కడుపులోకొచ్చాకే
దానికి దాని పేరు.
వాళ్ళు విన్నారో లేదో.

తర్వాతి సంగతులు మా రిజిస్టర్లో ఉండవు.
పిల్ల తొమ్మిది రోజులు ఆసుపత్రిలో,
సెలైన్ చెయ్యి కదలకుండా చెక్క కట్టి.
లోహిత్ టప్పుని నాగావళిలో వదిలేస్తానన్నాడు.
వద్దన్నాను. ఇది ఈ ఏటిది కాదు నాన్నా,
ఏట్లో పుట్టినవాటి కూడు లాక్కుంటుంది.
తొట్టి వంటింటి గట్టు దిగి పెరట్లోకి మారింది.
వాడు సబ్బుతో కడిగి కడిగి
వేళ్ళ కొసలు ఖర్జూరాల్లా చేసుకున్నాడు.
"దానికి నా మీద కోపమొచ్చిందా?" అని
రాత్రి అమ్మని లేపి అడిగాడట.

పిల్ల ఇంటికెళ్ళిన మర్నాడు
గవరమ్మ ఒక్కతే వచ్చింది, మెట్టు మెట్టుకీ ఆగుతూ.
జీడిపప్పు పొట్లం బల్ల మీద పెట్టి
"సూపించమ్మా, ఏటది" అంది.

పిల్ల పళ్ళెం ఎప్పుడో ఉడికించి పారేశాం.
తొట్టి నీళ్ళది ఒకటి ఫ్రిజ్ లో మిగిలింది,
ఎందుకో పారెయ్యబుద్ధి కాలేదు.
మూత తియ్యకుండా ట్యూబులైటుకి ఎత్తి పట్టాను.
ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసింది.
"ఇంత నలుసా!"

అలవాటు కొద్దీ రెండు చేతులూ
గుండె దాకా లేచాయి,
జత కలవబోయి
ఆగిపోయాయి.
వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలీక
ఆవిడ కాసేపు
అలాగే నిలబడింది.